ఆమెని ముందు గుమ్మంలోంచి రానివ్వండి: ఎం.ఏ. ఇంగ్లీషు బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లీషు సిలబస్ నిర్ణయించే పెద్దలందరికీ నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ కాలేజీలో అమెరికన్ లిటరేచర్ చెప్తున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. మీలో కొందరు నాకు చదువు చెప్పినవాళ్లు, కొందరు నాతో కలిసి చదువుకున్నవాళ్లు. అందుకే కాస్త చనువు తీసుకుని రాస్తున్నాను. సిలబస్ మార్చడానికి కూర్చున్న ప్రతిసారీ మీ మీద ఎన్ని ఒత్తిళ్లుంటాయో నాకు తెలుసు. ఒక పుస్తకం చేర్చాలంటే ఇంకోటి తీసెయ్యాలి. తీసేసిన పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఊరుకోరు. ఇవన్నీ తెలిసే ఒక్క పుస్తకం కోసం అడుగుతున్నాను. 1859లో బోస్టన్‌లో అచ్చయిన ‘అవర్ నిగ్’ అనే చిన్న నవల అది. రాసినావిడ పేరు హ్యారియట్ విల్సన్.

ఈ పుస్తకానికి ముందే ఇద్దరు నల్లజాతి అమెరికన్ల నవలలు వచ్చాయి. విలియం వెల్స్ బ్రౌన్‌ది 1853లో, ఫ్రాంక్ వెబ్‌ది 1857లో. రెండూ లండన్‌లో అచ్చయ్యాయి. అమెరికా గడ్డ మీదే నల్లజాతి మనిషి రాసి అచ్చు వేయించుకున్న మొదటి నవల విల్సన్‌దేనని చాలామంది పండితుల మాట. కానీ ‘మొదటిది’ అనే బిరుదు కోసం దీన్ని చేర్చమని నేను అడగడం లేదు. మన పిల్లలు చదివితే ఏమవుతుందో నా క్లాసులో కళ్లారా చూశాను కాబట్టి అడుగుతున్నాను.

ముందు కథలోని ఒక్క భోజనం సంగతి చెప్తాను.

నవలలో పిల్ల పేరు ఫ్రాడో. తల్లి మ్యాగ్ తెల్లావిడ. తండ్రి జిమ్ పీపాలు చేసుకుని బతికే నల్లవాడు. తండ్రి జబ్బు చేసి పోయాడు. తల్లి ఇంకొకడి తోడు వెతుక్కుంది. తిండికి గడవక ఆరేళ్ల ఫ్రాడోని బెల్మాంట్ అనే కలిగినవాళ్ల ఇంటికి తీసుకొచ్చి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వదిలిపెట్టింది. ఆ సాయంత్రం ఎప్పటికీ రాలేదు. ఆ ఇంట్లో పిల్ల పడుకోవడానికి ఇచ్చింది వంటింటి మీద సగం కట్టి వదిలేసిన గది. కప్పు వాలుగా తలకి తగిలేలా ఉంటుంది. ఎదిగితే ఈ గది చాలదు కదా అని ఇంట్లో ఎవరో అంటే, గది చాలనంత ఎదిగిన రోజున ఆ పిల్లకి ఈ ఇల్లు కూడా చాలదులే అంటుంది ఇంటావిడ. అంటే అప్పుడు బయటికి గెంటేస్తుందన్నమాట.

ఇక ఆ భోజనం. ఇంటివాళ్లు తిన్నాక ఫ్రాడో బల్ల దగ్గర కూర్చుని శుభ్రమైన కంచం తీసుకోబోతుంది. మిసెస్ బెల్మాంట్ ఊరుకోదు. తాను తిని వదిలేసిన కంచం చూపించి, అందులోనే తినమంటుంది. ఫ్రాడో ఎదురు చెప్పదు. ఒకసారి చుట్టూ చూస్తుంది. తన కుక్క ఫైడోని పిలుస్తుంది. కంచం దానికి అందిస్తుంది. ఫైడో తనకి చేతనైనంత శుభ్రంగా నాకేస్తుంది. తరవాత కత్తి, ఫోర్కు బల్లగుడ్డకి తుడుచుకుని, ఆ కంచంలోనే తన అన్నం తాను తినడం మొదలుపెడుతుంది. అంతసేపూ ఇంటావిడ వైపు కన్నెత్తి చూడదు. ఇంటబ్బాయి జాక్ నవ్వాపుకోలేక జేబులోంచి అర డాలరు వెండి నాణెం తీసి ఆమె వైపు విసురుతాడు. ఆ తరవాత దెబ్బలు ఎలాగూ తప్పవు.

సిలబస్‌లో లేకపోయినా ఓ ఏడాది ఈ పేజీని జిరాక్సు తీయించి క్లాసులో చదివాను. మామూలుగా నేను ప్రశ్న వేస్తే పిల్లలు తల దించుకుంటారు. ఇంగ్లీషులో జవాబు చెప్పాలంటే వాళ్లకి టెన్షన్. ఆ రోజు చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి తనంతట తానే లేచి, తెలుగులో మొదలుపెట్టింది. ‘మేడమ్, మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో టీ హోటల్ చూరులో మా వాళ్ల గ్లాసు విడిగా దోపి ఉండేదంట. తాగి, వాళ్లే కడిగి, మళ్లా చూరులో పెట్టాలంట. వీళ్లకి కూడా ఎంగిలి పట్టింపు ఉందా మేడమ్?’ అని అడిగింది. ఇంకో అబ్బాయి అందుకున్నాడు. వాళ్ల తాత పన్నెండేళ్లకే దొర దగ్గర జీతానికి కుదిరాడట. ‘ఈ పిల్ల కూడా జీతం ఉన్నట్టే కదా’ అన్నాడు. నేను అప్పటిదాకా ‘ఇండెంచర్డ్ సర్వెంట్’ (ఇన్నేళ్లని కట్టుబడి చాకిరీ చేసే పనిమనిషి) అని బోర్డు మీద రాసి, ఆ మాట వివరించడానికి తంటాలు పడుతున్నాను. ఆ అబ్బాయి ఒక్క మాటతో తేల్చేశాడు.

ఎంగిలి అనే మాట ఇంగ్లీషులో లేదు. విల్సన్ ఆ మాట లేకుండానే ఆ సంగతంతా రాసింది. నీ ఎంగిలి కన్నా నా కుక్క ఎంగిలి నయం అని ఆ పిల్లచేత ఒక్క మాట అనిపించకుండా చెప్పించింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ నవలల్లో ఫుట్‌నోట్ లేకుండా మన క్లాసులో అర్థమయ్యే సన్నివేశాలు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. ‘మోబీ డిక్’లో తిమింగలాల వేట గురించి, ‘ది స్కార్లెట్ లెటర్’లో ప్యూరిటన్ల పాపభీతి గురించి నేను ప్రతి ఏడాదీ ఇష్టంగానే చెప్తాను. ఆ పుస్తకాల మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఆ రోజు క్లాసు లాంటి క్లాసు వాటితో నాకెప్పుడూ జరగలేదు.

ఇప్పుడు రాసినావిడ గురించి చెప్పాలి. ఫ్రాడో బతుకులో చాలా భాగం ఆమెదే.

హ్యారియట్ 1825లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మిల్‌ఫోర్డ్‌లో పుట్టింది. తండ్రి పీపాలకు పట్టీలు బిగించే పని చేసేవాడు, నల్లవాడు. తల్లి బట్టలుతికే తెల్లావిడ. తండ్రి చనిపోయాక తల్లి ఆమెని హేవర్డ్ అనే రైతు కుటుంబం దగ్గర వదిలేసింది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అక్కడే వెట్టి. ఆ కుటుంబం ఎవరిదో 1993లో బార్బరా వైట్ అనే పరిశోధకురాలు ఊరి రికార్డులు తిరగేసి తేల్చింది. తేలినదేమిటంటే, హేవర్డ్ వాళ్లకి హచిన్సన్ గాయక కుటుంబంతో చుట్టరికం ఉంది. ఆ హచిన్సన్లు ఊరూరా తిరిగి బానిసత్వానికి వ్యతిరేకంగా పాటలు పాడి దేశమంతా పేరు తెచ్చుకున్నవాళ్లు. వాళ్ల సొంతూరు కూడా మిల్‌ఫోర్డే. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న అమెరికా దక్షిణాది రాష్ట్రాల బానిసల కోసం కన్నీళ్లు పెట్టించే పాటలు పుట్టిన ఊళ్లోనే, వాళ్ల చుట్టాల వంటింట్లో ఒక పిల్ల నోట్లో చెక్కముక్క కుక్కించుకుని దెబ్బలు తింటోంది. అరుపు బయటికి వినపడకుండా ఉండటానికి ఆ చెక్కముక్క. నవలలో ఈ సంగతి ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ ఇంటావిడ ఫ్రాడో ఒత్తు జుట్టు కత్తిరించేసింది. తన కూతురి రంగుకి దగ్గరగా కనపడకూడదని ఎండలో నెత్తి మీద ఏమీ కప్పుకోనివ్వలేదు. ఇవి నవలలోని సంగతులు. నవల బయట ఇంకో సంగతుంది. పెద్దయ్యాక విల్సన్ పొట్టకూటి కోసం చేసిన పనుల్లో తలకి రాసుకునే మందు అమ్మడం ఒకటి. ‘మిసెస్ విల్సన్స్ హెయిర్ రీజెనరేటర్’ అని పేరు. ఆ సీసాలు కొన్ని ఇప్పటికీ మిగిలున్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పద్దెనిమిది నిండాక ఆమె ఇళ్లల్లో పనిచేసింది, కుట్టుపని చేసింది. చిన్నప్పటి చాకిరీతోనే ఒళ్లు పాడైపోయింది. ఏ పనిలోనూ ఎక్కువ కాలం నిలవలేకపోయింది. 1851లో థామస్ విల్సన్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. అతను దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసనని చెప్పుకుని సభల్లో ఉపన్యాసాలిచ్చేవాడు. నవలలో ఆ భర్త పాత్ర తాను అసలు దక్షిణాది మొహమే చూడలేదని భార్య దగ్గర ఒప్పుకుంటుంది. అతను వదిలేసి సముద్రం మీదికి వెళ్లిపోయాడు. నిండు చూలాలు కౌంటీ వాళ్లు నడిపే బీదల గృహం చేరింది. 1852లో అక్కడే కొడుకు పుట్టాడు. జార్జ్ అని పేరు పెట్టుకుంది. భర్త ఒకసారి తిరిగొచ్చి మళ్లీ వెళ్లిపోయాడు. ఇక రాలేదు. పిల్లవాడిని తన దగ్గర ఉంచుకుని సాకే స్తోమత లేక పరాయివాళ్ల దగ్గర వదిలి, పని వెతుక్కుంటూ తిరిగింది.

పుస్తకం రాసింది ఆ పిల్లవాడి కోసం. ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పుకుంది. అయినవాళ్లు వదిలేశారు, ఆరోగ్యం చెడింది, నన్నూ నా బిడ్డనీ బతికించుకోవడానికి ఈ ప్రయత్నం చేస్తున్నాను అంది. నల్లజాతి సోదరులందరూ కొని ఆదుకోవాలని వేడుకుంది. ముందుమాట కింద హెచ్.ఇ.డబ్ల్యు. అని మూడక్షరాలే. పుస్తకం వెనక ఆమె ఎలాంటి మనిషో చెప్తూ మూడు ఉత్తరాలు అచ్చు వేశారు. కడుపు కాలి పుస్తకం అమ్ముకుంటున్న తల్లికి కూడా క్యారెక్టర్ సర్టిఫికెట్లు కావలసి వచ్చాయి.

1859 సెప్టెంబరు 5న పుస్తకం వచ్చింది. బోస్టన్‌లోనే. బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడిన గారిసన్ నడిపే ‘లిబరేటర్’ పత్రిక అప్పటికి 28 ఏళ్లుగా వెలువడుతున్న ఊరు అది. బానిసత్వ వ్యతిరేక ఉద్యమానికి గుండెకాయ లాంటి ఊరు. ఏడేళ్ల ముందు హ్యారియట్ బీచర్ స్టో నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’ ఒక్క ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల కాపీలు అమ్ముడుపోయింది. అక్కడి చదువరులకి నల్లవాళ్ల కథల మీద ఆసక్తి లేక కాదు. విల్సన్ పుస్తకాన్ని మాత్రం ఆ పత్రికలు పట్టించుకోలేదు. మిగిలిన కాపీల జాడ తీసిన ఎరిక్ గార్డ్‌నర్ అనే పరిశోధకుడు చెప్పేదాన్ని బట్టి, కొన్నవాళ్లలో ఎక్కువమంది మిల్‌ఫోర్డ్ చుట్టుపక్కల తెల్లవాళ్లే. చాలా కాపీలు పిల్లల చేతుల్లో ఉండేవి.

ఎందుకు పట్టించుకోలేదో పుస్తకం అట్ట తిప్పితే తెలిసిపోతుంది. పూర్తి పేరు చాలా పొడుగు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఉత్తరాదిలో, రెండంతస్తుల తెల్ల ఇంట్లో, స్వేచ్ఛగల ఒక నల్లమనిషి జీవిత చిత్రాలు, బానిసత్వపు నీడలు అక్కడ కూడా పడతాయని చూపేవి. అసలు పేచీ అంతా ‘అక్కడ కూడా’ అన్న మాటతోనే. దక్షిణాది తోటల్లో కొరడా దెబ్బల గురించి రాస్తే ఉత్తరాది వాళ్లు చదివి ఏడుస్తారు. మీ వంటింట్లో ఏం జరుగుతోందో చూసుకోండి అంటే పుస్తకం మూసేస్తారు. ఉత్తరాదిలోని మా మంచి బానిసత్వ వ్యతిరేక మిత్రులకి ఎక్కువ సిగ్గు కలిగించే సంగతుల్ని కావాలనే వదిలేశానని కూడా ముందుమాటలో రాసింది. వదిలేశాక మిగిలిందే ఇంత ఉంది.

చివరి అధ్యాయంలో అయితే పేరు పెట్టకుండానే వాళ్లని కడిగేసింది. దక్షిణాదిలో బానిసలుండకూడదు, ఇక్కడ మా ఇళ్లల్లో నల్లవాళ్లుండకూడదు అనే రకం అంటూ, వాళ్ల గొంతుతోనే మాట్లాడుతుంది. అబ్బే! ఒకరికి ఇంట్లో చోటివ్వడమా, కలిసి తినడమా, ముందు గుమ్మంలోంచి రానివ్వడమా, పక్కన కూర్చోవడమా, ఎంత ఘోరం!

అయ్యా, అమ్మా, ఈ నాలుగు మాటలూ మన ఊళ్లల్లో ఏ వీధికి తగులుతాయో నేను మీకు చెప్పక్కర్లేదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’కి తెలుగైన ‘ఏడు తరాలు’ చదివిన తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారు. మనకి అమెరికా బానిసత్వం అంటే ఓడలు, సంకెళ్లు, దక్షిణాది తోటలు. అది నిజమే. చట్టం స్వేచ్ఛ ఇచ్చిన చోట, ఉద్యమాలు నడిచిన చోట, మంచివాళ్లనిపించుకున్నవాళ్ల ఇంటి వెనక గుమ్మం దగ్గర ఏం జరిగిందో చెప్పే పుస్తకం కూడా మన పిల్లలకి కావాలి. నా క్లాసులో సగం మందికి పైగా తమ వంశంలో మొదటిసారి పీజీ దాకా వచ్చినవాళ్లే.

ఇంక ఆ పిల్లవాడి సంగతి. 1860 ఫిబ్రవరిలో జార్జ్ జ్వరంతో చనిపోయాడు. ఏడేళ్లు. పుస్తకం వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఎవరిని బతికించుకోవడానికి రాసిందో ఆ బిడ్డే దక్కలేదు.

పుస్తకం కూడా పోయింది. నూరేళ్లకు పైగా గ్రంథసూచికల్లో ఒక పంక్తిగా మిగిలింది. దాన్ని చూసినవాళ్లు కూడా రాసింది తెల్లవాళ్లే అయ్యుంటారని అనుకున్నారు. 1980ల మొదట్లో హెన్రీ లూయీ గేట్స్ అనే ఆచార్యుడికి న్యూయార్క్‌లోని పాత పుస్తకాల షాపులో ఒక కాపీ దొరికింది. రాసింది నల్లజాతి స్త్రీ అని నిరూపించాలి. అట్ట మీద పేరు లేదు. ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతే చివరికి ఆయనకి చిక్కింది ఒక మరణ ధ్రువపత్రం. జార్జ్ మేసన్ విల్సన్, వయసు ఏడు, తల్లి పేరు హ్యారియట్ ఇ. విల్సన్, రంగు నలుపు. ఆ కాయితం ఆధారంగానే 1983లో నవల ఆమె పేరుతో మళ్లీ అచ్చయింది. బతికుండగా తల్లి కాపాడుకోలేకపోయిన బిడ్డ చచ్చిపోయి తల్లి పేరు నిలబెట్టాడు. ఈ మాట క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. దాచుకోవడానికి నేను ప్రయత్నించను.

చాలాకాలం పరిశోధకులు కూడా ఆమె కొడుకు వెనకాలే చనిపోయి ఉంటుందనుకున్నారు. అది తప్పని గాబ్రియెల్ ఫోర్‌మన్, రెజినాల్డ్ పిట్స్ అనే ఇద్దరు 2005 నాటి పెంగ్విన్ ప్రతిలో చూపించారు. ఆమె ఇంకో నలభై ఏళ్లు బతికింది. బోస్టన్‌లో ఆత్మలతో మాట్లాడే ఆధ్యాత్మికవాదుల సభల్లో వక్తగా పేరు తెచ్చుకుంది. వాళ్ల పిల్లల ఆదివారం బడుల్లో పనిచేసింది. 1870లో రెండో పెళ్లి చేసుకుంది. చాలా ఏళ్లు అద్దె గదుల ఇల్లు నడిపింది. 1900 జూన్ 28న క్విన్సీలో కన్నుమూసింది. రెండో నవల రాసిన దాఖలా లేదు. మిల్‌ఫోర్డ్ వాళ్లు 2006లో ఊళ్లో ఆమె విగ్రహం పెట్టారు. చేతిలో పుస్తకం, పక్కన కొడుకు.

మీరు వేసే ప్రశ్నలు నేను ఊహించగలను. కొన్ని నన్ను ఇదివరకే అడిగారు.

ఇది నవలా, ఆత్మకథా అని మొదటి ప్రశ్న. దానికి జవాబు ఆమె అధ్యాయాల పేర్లలోనే ఉంది. మొదటి అధ్యాయం ‘మా అమ్మ మ్యాగ్ స్మిత్’. రెండోది ‘మా నాన్న మరణం’. మూడోది ‘నాకో కొత్త ఇల్లు’. పేర్లలో నేను, నా అని ఉంటుంది. లోపలికి వెళ్తే కథంతా ఆమె, ఫ్రాడో. తన కథని తన నుంచి కాస్త దూరం జరిపి, చేతిలో పట్టుకుని చూస్తూ రాసింది. కానీ తలుపు మీద మాత్రం ‘నాది’ అని గీత గీసి పెట్టింది. నవల పేపర్‌లో కథనం గురించి, కథకుడి గొంతు గురించి మనం సిద్ధాంతాలు చెప్పి చెప్పి అలిసిపోతాం. ఇక్కడ మూడు శీర్షికలు చూపిస్తే పిల్లలే చెప్పేస్తారు.

రచనగా నిలబడుతుందా అని ఇంకో ప్రశ్న. లోపాలు లేవని నేను అనను. కొన్నిచోట్ల ఆనాటి కన్నీటి నవలల ధోరణి ఎక్కువవుతుంది. బెల్మాంట్ల మంచి కొడుకు జేమ్స్ చనిపోయే అధ్యాయాలు సాగుతాయి. చివరి అధ్యాయంలో ఏళ్లకేళ్లు నాలుగు పేజీల్లో పరిగెత్తుతాయి. కానీ కట్టెల దగ్గరి సన్నివేశం చదవండి. కట్టెలు తేవడం ఆలస్యమైందని ఇంటావిడ కర్ర ఎత్తుతుంది. ఫ్రాడో ఆగమని అరుస్తుంది. కొట్టావంటే ఇక నీకు వీసమెత్తు పని కూడా చెయ్యనని నిలబడిపోతుంది. ఇంటావిడ చేతిలో కర్ర జారిపోతుంది. తరవాత ఇద్దరూ ఇంటివైపు నడుస్తారు. ముందు ఫ్రాడో, వెనకాల కట్టెలు మోసుకుంటూ ఇంటావిడ. విల్సన్ దాని మీద పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వదు. తనలో ఇంత శక్తి ఉందని ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు అంటుంది, అంతే. ఇలా రాయడం చేతకాని మహారచయితలు చాలామంది మన సిలబస్‌లో ఉన్నారు.

పుస్తకం పేరులో తిట్టుమాట ఉంది కదా, ఎలా చెప్పాలి అని అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడుతూ ఒక సీనియర్ మేడమ్ అడిగారు. ఆవిడ ఇబ్బంది న్యాయమైనదే. ‘నిగ్’ అనేది నల్లవాళ్లని హీనంగా పిలిచే మాటకి కురచ రూపం. ‘అవర్’ అంటే ‘మా’. ఇంట్లోవాళ్లు ముద్దుగానూ, లోకువగానూ అనే మాట అది. మా పాలేరు, మా పనిపిల్ల అని మనం అనమా? అసలు విషం ‘మా’ అన్నదాంట్లోనే ఉంది. సొంతమని చెప్పే మాటే, మనిషిని సొత్తు చేసే మాట. విల్సన్ ఆ మాటని పుస్తకం పేరుగా పెట్టడమే కాదు, రచయిత పేరు ఉండాల్సిన చోట కూడా దాన్నే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది. మీరు నన్ను ఇలా పిలిచారు కదా, ఇదిగో ఆ పేరుగలావిడ పుస్తకం రాసింది చూడండి అన్నట్టుగా. క్లాసులో నేను ఆ పూర్తి తిట్టుమాటని నోటితో పలకను. పిల్లలకి ముందే కారణం చెప్తాను. ఈ విషయం మీద గంటసేపు చర్చ జరుగుతుంది. కులం పేరు పెట్టి పిలిపించుకున్న పిల్లలు ఆ చర్చలో ఉంటారు. మనం ఆ గంటని తప్పించుకోకూడదని నా అభిప్రాయం.

గైడ్లు దొరకవు అనేది నిజం. దొరకకపోవడం నాకైతే మంచిదే అనిపిస్తుంది. పుస్తకం పన్నెండు అధ్యాయాలు, నూట ముప్ఫై పేజీల లోపు. కాపీరైట్ ఎప్పుడో దాటిపోయింది. ఇంటర్నెట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లో చదువుకోవచ్చు. హాస్టల్ పిల్లలు వంద రూపాయలు పెట్టి కొనలేక జిరాక్సు కోసం తిరగడం నేను ఏటా చూస్తున్నాను. ఈ ఒక్క పుస్తకానికి ఆ బాధ లేదు.

నేను దీన్ని మొదట చదివింది ఉస్మానియా క్యాంపస్‌లో. 1964లో అక్కడ మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ అప్పట్లో మా తరంవాళ్లకి కాశీ లాంటిది. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి కూర్చునేవాళ్లు. అక్కడ స్టో మీద వ్యాసం రాయడానికి పుస్తకాలు వెతుకుతుంటే, పక్క అరలో పల్చటి పుస్తకం కనపడింది. నిలబడే మొదలుపెట్టి, లైబ్రరీ మూసేవేళకి ముగించాను. అమెరికన్ సాహిత్యానికి హైదరాబాదు అంత పెద్ద చిరునామాగా ఉన్న రాష్ట్రాలు మనవి. పందొమ్మిదో శతాబ్దం అనగానే నలుగురు తెల్ల మగవాళ్లు, ఎమిలీ డికిన్సన్ నాలుగు కవితలు అని సరిపెట్టుకోవడం మన స్థాయికి తగదు.

అడిగేది రెండు విషయాలు. అమెరికన్ నవల పేపర్‌లో ఈ పుస్తకాన్ని పూర్తిగా పెట్టండి. ‘డీటెయిల్డ్ స్టడీ’ కింద పెట్టండి. ‘సఫరింగ్స్ ఆఫ్ బ్లాక్ విమెన్’ అని ఒక షార్ట్ నోట్ ప్రశ్నగా, ఆప్షన్‌లో వదిలేయడానికి వీలయ్యేలా పెట్టొద్దు. ఒక్క అధ్యాయం కత్తిరించి పెట్టొద్దు. ఎంగిలి కంచం పేజీ ఒక్కటే చదివినవాళ్లకి ఫ్రాడో బాధపడే పిల్లగానే గుర్తుంటుంది, కట్టెల దగ్గర నిలబడ్డ పిల్లగా కాదు.

రెండోది చిన్నది. సిలబస్ కాయితంలో పుస్తకం పేరు పక్కన రచయిత పేరు పూర్తిగా వెయ్యండి. హ్యారియట్ ఇ. విల్సన్ అని. మొదటి ముద్రణ శీర్షిక పేజీలో అది లేదు.

నేను చేసుకున్న క్లాసు నోట్సు, పిల్లలు తెలుగులో రాసిన జవాబులు కొన్ని, నవల మీద ఆరు గంటల పాఠ్యప్రణాళిక సిద్ధంగా ఉన్నాయి. ఎవరు అడిగినా పంపిస్తాను. వచ్చే సమావేశానికి పిలిస్తే సొంత ఖర్చులతో వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
మీ పరీక్షా పత్రాలు దిద్దే ఒక ఇంగ్లీషు లెక్చరర్